పిచ్చుక ట్యాబు ఉబ్బింది

జూన్ 3

తమ్ముడూ,

కులాసాగా ఉన్నానని రాస్తావు. నేను నమ్మను. అయినా రాస్తూ ఉండు. ఇక్కడ మా ఇద్దరి ఒళ్లూ బాగానే ఉన్నాయి. ల్యాబులో పని ఎక్కువైంది. ఊళ్లో పళ్లున్నవాళ్ల కంటే పళ్ల సెట్లు పెట్టుకునేవాళ్లే ఎక్కువేమో అనిపిస్తోంది. మైనం చెక్కీ చెక్కీ బొటనవేలు కాయకట్టింది.

అసలు సంగతి వేరే. పిచ్చుక ట్యాబు ఉబ్బింది.

పది రోజుల కింద బల్ల మీద పెడితే బొంగరంలా తిరిగింది. వెనక్కి తిప్పి చూస్తే వీపు మధ్య ఎత్తుగా ఉంది. ఇప్పుడు స్క్రీను ఒక మూల లేచిపోయింది. ఆ సందులోంచి లోపలి వెలుతురు బయటికొస్తోంది. బ్యాటరీ ఉబ్బిందన్నారు.

మూడు షాపులు తిరిగాను. మొదటివాడు ముట్టుకోనన్నాడు. రెండోవాడు కొత్తది కొనమన్నాడు. కొత్తవాటిలో ఆ బొమ్మల ప్రోగ్రామ్ ఎక్కదు, దాన్ని చేసినవాళ్లే మూసేసుకుని వెళ్లిపోయారు, లోపలి మాటల్ని బయటికి తీసే దారి లేదు అని వాడే చెప్పాడు. మూడోవాడు ఇచ్చి వెళ్లండి, లోపలిదంతా పోతే నా పూచీ లేదు అన్నాడు. తెచ్చేసుకున్నాను. పదకొండేళ్లొచ్చినా పిచ్చుక నోట మాట రాలేదు. ఉన్న మాటలన్నీ ఆ ట్యాబులోనే కదా. నువ్వు కూర్చుని పెట్టిన ఇరవై బొమ్మలు ఇప్పుడు పధ్నాలుగు వందలయ్యాయి. బొమ్మ నొక్కితే మాట. నీళ్లు, కడుపునొప్పి, ఫ్యాను ఆపు, ఈ చొక్కా గుచ్చుకుంటోంది. అది పోతే నా కూతురు మళ్లీ నాలుగేళ్ల పిల్ల అయిపోతుంది, గోడకేసి తల కొట్టుకునే పిల్ల.

అందుకని వాడనప్పుడు రబ్బరు బ్యాండ్లు చుట్టి, పైన లావుపాటి పుస్తకాలు రెండు పెట్టి నొక్కి ఉంచుతున్నా. పడుకునేటప్పుడు మాత్రం తలగడ కిందే ఉండాలంటుంది. భయమేం లేదులే. బ్యాటరీలు ఊరికే అంటుకోవు, మా రిపేరు షాపు కాలింది వైరింగ్ వల్లే అని కోర్టులో నువ్వే గట్టిగా చెప్పావు కదా.

ఏం చేయాలో వివరంగా రాయి. నీ పార్టనర్ దగ్గరికి వెళ్లమని మాత్రం రాయకు. నీ మీద సాక్ష్యం చెప్పి లోపల పెట్టించినవాడి గడప తొక్కను. ఫోన్లో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తే ఈ గోల ఉండేది కాదు. మొదటి ఏడాది ఉత్తరాలే అని మీవాళ్ల రూలు, ఏం చేస్తాం.

నీ అక్క


జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చేతికిచ్చారు. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఆ పుస్తకాలు తీసెయ్. బ్యాండ్లు తీసెయ్. తలగడ కింద పెట్టనివ్వకు. దాన్ని నొక్కితే

(ఇక్కడ రెండు వరుసలు నల్లసిరాతో కొట్టేసి ఉన్నాయి)

ఛార్జింగ్ విషయం జాగ్రత్తగా చదువు.

(మూడు వరుసలు కొట్టేసి ఉన్నాయి)

సన్నటి సూదితో చిన్న చిల్లు పెడితే లోపలున్న గాలి పోయి వాపు తగ్గిపోతుంది

(నాలుగు వరుసలు కొట్టేసి ఉన్నాయి)

ఇసుక

(అర వరుస కొట్టేసి ఉంది)

ఇవన్నీ మర్చిపోకుండా చెయ్యి అక్కా. నీ చేతులు నిలకడైనవి, కానీ దీనికి అదొక్కటే చాలదు. పిచ్చుక ఏడ్చినా సరే, మనసు గట్టి చేసుకో. చదవగానే రెండు ముక్కలు రాసి పడెయ్.

నీ తమ్ముడు


జూన్ 15

తమ్ముడూ,

నీ ఉత్తరం సగం నల్లగా వచ్చింది. ఇన్ని నెలల్లో ఒక్క అక్షరం కొట్టలేదు, ఇప్పుడేం రాశావని కొట్టారు? దీపం దగ్గర పెట్టి చూశా, వెనక్కి తిప్పి చూశా. ఏమీ కనబడలేదు. మిగిలినవాటితోనే సర్దుకుంటున్నా.

పుస్తకాలు తీసేశా. బ్యాండ్లు తీసేశా. తలగడ కింద నుంచి లాక్కుంటే నా మణికట్టు కొరికింది. తర్వాత తనదే కొరుక్కుంది. రోజులో ఎక్కువసేపు బీరువా పైన పెడుతున్నా. అన్నం ముందు కూర్చుని నోరు తెరవదు. నిన్న బాత్రూమ్ కోసమని తెలుసుకునేసరికి ఆలస్యమైపోయింది. సిగ్గుతో గోడకి తిరిగి కూర్చుంది. ఎంత పిలిచినా తిరగలేదు. ఇంక ఉండలేక ట్యాబుకి అరగంట ఛార్జింగ్ పెట్టి ఇచ్చా. నొక్కిన మొదటి మాట 'నొప్పి'. ఎక్కడే అంటే, ఒంటి బొమ్మలో అన్ని భాగాలూ వరసగా నొక్కింది.

ఛార్జింగ్ గురించి నువ్వు రాసింది సిరా కింద ఉంది. రోజుకి అరగంటే పెడుతున్నా, వెచ్చబడితే తీసేస్తున్నా. అది చాలు కదా?

సూది సంగతి మాత్రం స్పష్టంగానే ఉంది. మా ల్యాబులో పంటి మూలల్లోకి పోయే సన్నటి ఉక్కు ముల్లు ఒకటుంది, వెంట్రుకంత, ఇంటికి తెచ్చుకున్నా. దాంతో అయితే చిల్లు కనబడను కూడా కనబడదు. వచ్చే ఆదివారం కూడా డ్యూటీ ఉంది. ఆ పై ఆదివారం, ఇరవై తొమ్మిదిన, వంటగదిలో కూర్చుని చేస్తా. పిచ్చుకని పక్కనే కూర్చోబెట్టుకుంటా, దాని వస్తువు దాని కళ్ల ముందే ఉంటే గొడవ చేయదు. ఇసుక ఎందుకో అర్థం కాలేదు. రుద్దడానికా?

ఇంత చిన్న పనికి మూడు షాపులు తిరిగాను చూడు.

నీ అక్క


జూన్ 20

అక్కా,

సూది ముట్టుకోకు. చిల్లు పెట్టకు. ఈ వాక్యం దాటి చదివే ముందు ఆ ముల్లు తీసుకెళ్లి ల్యాబులో ఇచ్చేసి రా.

నేను రాసింది వేరు. 'వాపు తగ్గిపోతుంది అని కొందరు చెబుతారు, వినకు, అలా చేస్తే నిమిషంలో మంట లేస్తుంది, నీళ్లు పోసినా తేలిగ్గా ఆగదు' అని రాశాను. మంట, పేలడం, పొగ అన్న మాటలు ఎక్కడుంటే అక్కడ కొట్టేశారు. నీ ఉత్తరం చదవగానే గార్డుని బతిమాలి ఉత్తరాలు చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. నీ ఉత్తరం ఆయన బల్ల మీద పెట్టాను.

"సార్, మీరు కొట్టేసిన దాని వల్ల మా అక్క బ్యాటరీని పొడవబోతోంది. పక్కన పిల్ల ఉంటుంది" అన్నాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "దేన్నైనా తగలబెట్టే పద్ధతి రాస్తే కొట్టేయమని మాకు రూలు. నువ్వు ఆపే పద్ధతి రాస్తున్నావని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. తర్వాత, "ఇప్పుడు రాయి. ఒక్క అక్షరం కొట్టను. సాయంత్రం ఆఫీసు సంచిలో వేసి పంపిస్తా. కానీ ఏం రాసినా కాపీ ఫైల్లో ఉంటుంది, నీ అప్పీలు నడుస్తోంది, గుర్తుంచుకో" అన్నాడు.

గుర్తుంచుకునే రాస్తున్నాను.

అక్కా, షాపు కాలింది వైరింగ్ వల్ల కాదు. నా వల్ల. ఆ రోజు ఒక కస్టమర్ తొందర పెడుతున్నాడు. అతని ట్యాబు సరిగ్గా పిచ్చుకదానిలాగే ఉబ్బి ఉంది. పార్టనర్ చూసి, "ఈరోజు వద్దు, ఛార్జి దిగనీ, జిగురు నాననీ, రేపు నేను చూస్తా" అన్నాడు. నేను వినలేదు. పది నిమిషాల పని అన్నాను. ఉక్కు బ్లేడు దూర్చి పైకి ఎత్తాను. బ్లేడు లోపలికి దిగింది. బుస్సుమని తెల్లటి పొగ, వెంటనే మంట. నేను చేతిలోది విసిరేశాను. ఎటు విసురుతున్నానో చూడలేదు. అది పార్టనర్ బల్ల మీద, ప్యాకింగ్ అట్టల్లో పడింది. అతను చేతులతో ఆ మండే అట్టల్ని బయటికి లాగాడు. నేను తలుపు దగ్గరున్నాను. పరిగెత్తాను అక్కా.

కోర్టులో అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను అబద్ధం ఆడాను. నువ్వు నన్ను నమ్మావు. ఆ అబద్ధం పట్టుకునే పిల్ల తలగడ కింద దాన్ని పెట్టావు. ఇన్నాళ్లూ అది నా ఒక్కడికే సంబంధించింది అనుకున్నాను.

ఇప్పుడు చేయాల్సింది. ఛార్జింగ్ అరనిమిషం కూడా వద్దు. ఆఫ్ చేసి, ఎండ తగలని చోట, గచ్చు మీద, ఒక ఇనప పళ్లెంలో పెట్టు. చుట్టూ గుడ్డ, కాగితం, కర్ర ఏమీ ఉండకూడదు. పక్కన బకెట్లో పొడి ఇసుక ఉంచుకో. నొక్కకు, వంచకు, తెరవకు. తియ్యటి వాసన గానీ, బుసబుస శబ్దం గానీ, పొగ గానీ వస్తే పిల్లని తీసుకుని బయటికి నడువు. దాని కోసం వెనక్కి వెళ్లకు. పధ్నాలుగు వందల మాటలు పోయినా సరే.

విప్పడం తెలిసినవాడు నాకు తెలిసి ఆ ఊళ్లో ఒక్కడే. వెళ్లొద్దన్నావు. వెళ్లు.

తమ్ముడు


జూన్ 27

నీ ఉత్తరం నిన్న అందింది.

ముల్లు ఇచ్చేశాను. ట్యాబు పెరట్లో రేకు కింద, గచ్చు మీద, ఇనప పళ్లెంలో ఉంది. ఇసుక బకెట్ ఉంది. పిచ్చుక కిటికీ దగ్గర నిలబడి దాన్నే చూస్తోంది. చేతికి సాక్సు తొడిగాను, కొరుక్కోకుండా.

తీర్పు తర్వాత, నీ పార్టనర్ చేతులకి మళ్లీ ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి నేను వాళ్లింటికి వెళ్లాను, నీకు తెలీదు. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లున్నాయి. అతని భార్య స్పూనుతో అన్నం తినిపిస్తోంది. గుమ్మంలోనే నిలబడి, మా తమ్ముణ్ని లోపల పెట్టించిన నోట్లోకి ముద్ద ఎలా దిగుతోంది అని అడిగాను. అతను నమలడం ఆపేశాడు. నువ్వు చెప్పిందే నిజమనుకుని నేనన్న మాట అది. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ఎదురుపడినా రోడ్డు దాటి అవతలి పక్కకి పోయాను.

ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు? నేను వెళ్లలేను. అలాగని ఆ పిల్లని చూస్తూ కూర్చోలేను.

నువ్వు ఆ రోజు పరిగెత్తావని చదివాక నిన్ను తమ్ముడూ అని పిలవడానికి చెయ్యి రావడం లేదు.


జూలై 1

అక్కా,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. నా ఉత్తరం ఆదివారం లోపు చేరిందో లేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఇరవై తొమ్మిది దాటి రెండు రోజులైంది. కోపంతో రాయడం లేదా, రాయడానికి వీల్లేకుండా ఉన్నావా?

ఆఫీసరుని మీ ల్యాబుకి ఫోన్ చేయమని అడిగాను. చేశాడు. ఎవరో ఎత్తి, 'ఆవిడ ఈరోజు రాలేదు' అని పెట్టేశారట. నువ్వు పని మానే మనిషివి కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని పొద్దున్నుంచి గోడలు చూస్తున్నాను. పిచ్చుకకి ఏమన్నా అయితే నాకు చెప్పకుండా దాచకు. ఖాళీ కాగితం మీద నీ సంతకం పెట్టి పంపినా చాలు.

తమ్ముడు


జూలై 7

తమ్ముడూ,

బతికే ఉన్నాం. ఇద్దరికీ ఏమీ కాలేదు. ముందు ఇది చదువుకుని మంచినీళ్లు తాగు.

ఒకటో తారీఖున ల్యాబుకి వెళ్లని మాట నిజం. ఆ రోజు పిచ్చుకని వెంటబెట్టుకుని పార్టనర్ ఇంటికి వెళ్లాను. దాన్ని ఇంట్లో వదలడానికి లేదు, మూడు రోజులుగా తిండి లేదు. గుమ్మంలో అదే చోట నిలబడ్డాను. నడుస్తున్నంతసేపూ మనసులో కూర్చుకున్న మాటలు వదిలేసి, నీ ఉత్తరం తీసి అతని ముందు పెట్టాను. అతను చేత్తో పట్టుకోలేకపోయాడు. వేళ్లు సగమే ముడుచుకుంటాయి, తోలు మెరుస్తూ బిగుసుకుపోయింది. భార్య పట్టుకుంటే చదివాడు. చివరిదాకా చదివి ఆమె వైపు చూసి, "రాశాడు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల చుట్టాలు కూడా అతను అబద్ధం చెప్పాడనే అనుకుంటున్నారట. నాకు ఆ సంగతే తట్టలేదు.

"అన్నయ్యా, నేనన్న మాట" అని మొదలుపెట్టాను.

"అది తర్వాత చెల్లెమ్మా. ట్యాబు ఇప్పుడెక్కడుంది? ఎంత ఛార్జి ఉంది?" అన్నాడు.

"ఆఫ్ చేసే ముందు పన్నెండు శాతం."

"మంచిది. నిండుగా ఉన్నదానికంటే అది నయం. నేను విప్పలేను, నా చేతుల్లో పట్టు లేదు. నువ్వు విప్పాలి. నేను పక్కన కూర్చుని చెబుతా. సరిగ్గా ఆ మోడల్‌కి సరిపోయే బ్యాటరీ దొరికితేనే, లేకపోతే లేదు."

మంచిది దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పిచ్చుక వాళ్లింట్లోనే ఉంది. ఆమె అట్టముక్కల మీద బొమ్మలు గీసి మెడలో దండలా వేసింది. నీళ్లు, అన్నం, బాత్రూమ్. మూడే మాటలు. నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదో తెలీదు, కంగారులో బుర్ర పనిచేయలేదు.

నిన్న ఆదివారం మా ల్యాబులో చేశాం. పళ్ల అచ్చులకి ప్లాస్టర్ పోత పోసే గది ఉంది కదా, గచ్చు నేల, రాతి బల్ల, గాలి లాగే ఫ్యాను, పెరట్లోకి పెద్ద తలుపు. గ్యాసు బర్నర్ని సిలిండర్‌తో సహా బయట పెట్టించాడు. నా ఉక్కు పనిముట్లన్నీ పక్క గదిలో పెట్టి తలుపు వేయమన్నాడు. "ఈ గదిలో ఉక్కు అనేది కనబడకూడదు, చిన్న స్క్రూడ్రైవర్ తప్ప. అదీ బ్యాటరీ వైపు పోకూడదు" అన్నాడు. మొహానికి అద్దపు ముసుగు, చేతులకి తొడుగులు. ఇసుక బకెట్ నా కుడి మోకాలి దగ్గర.

వేడినీళ్ల సంచి స్క్రీను అంచుల మీద మాత్రం పెట్టించాడు, ఉబ్బు మీద పడకుండా. జిగురు మెత్తబడ్డాక ప్లాస్టిక్ రేకుతో గీతలా కోసుకుంటూ వచ్చాను. స్క్రీను పుస్తకంలా తెరుచుకుంది. లోపల ఆ బ్యాటరీ, వెండి రంగు దిండులా. ముందు దాని తీగ కొక్కెం ఊడదీయించాడు, ప్లాస్టిక్ పుల్లతో. అది ఊడగానే ఊపిరి వదిలాను. "ఊడిందని నమ్మకు, మంట దాని లోపలే ఉంది" అన్నాడు.

బ్యాటరీ కింద అంతా జిగురు. అంచున రెండు చుక్కలు స్పిరిట్ వేసి ఆగడం, మళ్లీ రెండు చుక్కలు వేసి ఆగడం. ఎత్తకూడదు, వంచకూడదు. ఎలా తీయాలి మరి? పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం నా జేబులో ఉంది. చూపిస్తే అతను మొదటిసారి నవ్వాడు. దారాన్ని కిందుగా పోనిచ్చి రంపంలా అటూ ఇటూ లాగుతూ జిగురు కోశాను. సగం దాకా వచ్చాక వాసన వచ్చింది. స్పిరిట్ ఘాటు కాదు. తియ్యగా, మాగిన పండులా.

"వదిలెయ్. లే. నడువు" అన్నాడు. గొంతు పెంచలేదు.

నేను లేవలేదు. లేవలేకపోయాను. నా కూతురి మాటలన్నీ ఆ బల్ల మీద విప్పి ఉన్నాయి. దాని కోసం వెనక్కి వెళ్లకు అని నువ్వు రాశావు, తెలుసు. అతను ఆ ముడుచుకోని చేతులు రెండూ నా భుజాల కింద దూర్చి, బస్తాని లేపినట్టు లేపి పెరట్లోకి తోశాడు. ఒక్కసారి పరిగెత్తినవాణ్ని ఎందుకు తిడుతున్నానో, పరిగెత్తనిదాన్ని ఎందుకు తోయించుకున్నానో, అక్కడ నిలబడి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు చూశాను, అతని చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఈ పని పక్కన కూర్చోవడానికి అతనెంత భయపడ్డాడో నాకు అంతదాకా తెలీదు.

ముప్పావుగంట తలుపు దగ్గర నుంచి చూస్తూ నిలబడ్డాం. పొగ లేదు. శబ్దం లేదు. వాసన ఫ్యానుకి పోయింది. ఎక్కడో కొంచెం కారి ఉంటుంది, అంతటితో ఆగింది అన్నాడు. "ఇక్కడితో వదిలేద్దామంటే వదిలేద్దాం. నిర్ణయం నీది. నేనైతే ఇప్పుడు తీసి బయటపడేస్తా" అన్నాడు. తొడుగులు మార్చుకుని లోపలికి వెళ్లాను. మిగిలిన సగం కోయడానికి ఎంతసేపు పట్టిందో తెలీదు. అది వదులవగానే అరచేతులు రెండూ కింద పెట్టి, నొక్కకుండా ఎత్తి ఇసుకలో పడుకోబెట్టాను. పైన ఇసుక పోశాను. బకెట్ పెరట్లోకి పోయింది. చెత్తలో వేయకూడదట. ఈరోజు ఇద్దరం మోసుకెళ్లి, ప్రమాదపు చెత్త తీసుకునే కేంద్రంలో ఇచ్చి వచ్చాం.

కొత్తది పెట్టాం. స్విచ్ నొక్కితే వెలగలేదు. మళ్లీ నొక్కితే వెలగలేదు. గచ్చు మీద కూలబడ్డాను. అతను తీగ కొక్కెం ఒకసారి ఊడదీసి పెట్టమన్నాడు. పెట్టి, ఛార్జింగ్ తగిలించి, ఎదురుగా కూర్చుని చూశాం. పదినిమిషాలకి వెలిగింది.

వాళ్లింటికి తెచ్చి పిచ్చుక చేతిలో పెట్టాను. ముద్దు పెట్టుకుంటుందనుకున్నా. నా వైపు చూస్తూ 'అమ్మ', 'చెడ్డ' అని నొక్కింది. తొమ్మిదిసార్లు. మేం ముగ్గురం తొమ్మిదిసార్లూ విన్నాం.

నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో చెప్పలేను.

అక్క


జూలై 14

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆఫీసరు కవరు చించి, చదివి, తనే నా దగ్గరికి తెచ్చిచ్చాడు. ఎప్పుడూ గార్డుతో పంపేవాడు.

నా ఉత్తరం కాపీ కోర్టుకి వెళ్లింది. అప్పీలు వెనక్కి తీసుకున్నాను. అబద్ధపు సాక్ష్యానికి వేరే విచారణ ఉంటుందట. ఇప్పుడున్న రెండేళ్ల శిక్ష కాస్తా పెరుగుతుందని లాయరు చెప్పాడు. ఎంతో ఇంకా తెలీదు. ఇది విని నువ్వు కంగారు పడొద్దు. నాకు ఇప్పుడు నిద్ర పడుతోంది.

పార్టనర్‌కి ఉత్తరం రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆయన చేతులు ఎలా ఉన్నాయో నువ్వు రాసిన రెండు వాక్యాల దగ్గరే ఆగిపోతున్నాను.

పిచ్చుకకి చెప్పు, మామయ్య పనిమీద ఊరెళ్లాడు, తొందరగా వచ్చేస్తాడు అని.

తమ్ముడు


జూలై 20

తమ్ముడూ,

ఇన్నాళ్లూ అదే చెప్పాను. దానికి ట్యాబులో ఓ బొమ్మ కూడా పెట్టాను, రైలు బొమ్మ. 'మామయ్య ఊరెళ్లాడు.' రోజుకోసారి అది నొక్కి, తర్వాత తలుపు బొమ్మ నొక్కి, వీధి తలుపు దగ్గర కూర్చునేది. నీకు రాయలేదు, బాధపడతావని.

మొన్న దాన్ని తీసేశాను. కొత్త బొమ్మ పెట్టాను. పెద్ద గోడ, చిన్న కిటికీ, లోపల నీ ఫోటో. పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. మామయ్య వల్ల ఒకాయన చేతులు కాలాయి. మామయ్య కాదన్నాడు. తర్వాత అవునన్నాడు. అందుకని అక్కడ ఉన్నాడు. ఎంత అర్థమైందో తెలీదు. ఆయన ఇంట్లో నాలుగు రోజులుంది కదా, 'చెయ్యి', 'నొప్పి' అని నొక్కింది. అవునన్నాను.

ఆ ట్యాబులో మాటలన్నీ నా గొంతుతోనే పలుకుతాయి, ఒక్కొక్కటీ నేనే చెప్పి ఎక్కించాను. కొత్త మాట కూడా నేనే ఎక్కించాలి. 'జైలు' అనే ఆ రెండక్షరాలు సరిగ్గా పలకడానికి ఆరుసార్లు పట్టింది.

ఈరోజు పొద్దున్న పళ్లు తోముకుంటుంటే ముందు గదిలోంచి నా గొంతే నన్ను పిలిచింది. 'మామయ్య. జైలు. ఇంటికి. ఎప్పుడు.' నేను వెళ్లేసరికి మళ్లీ నొక్కింది. నేను ఏమీ చెప్పకపోతే మళ్లీ.

తొందరగా అనే మాట దానికి చెప్పను. ఎన్నేళ్లో తెలియగానే రాయి. అది ఎంతైనా సరే, ఆ అంకె కూడా నా గొంతుతో ఎక్కిస్తాను.

అక్క